రోటరీ ఇంజన్‌కు ముహూర్తం పెట్టేవారికి

రోటరీ ఇంజన్‌కు, అంటే పిస్టన్ బదులు మూడు ముఖాల రోటర్ తిరిగే వాంకెల్ ఇంజన్‌కు, ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టాలన్న మాట వస్తే చాలు, చర్చ మొదలవకముందే తీర్పు వచ్చేస్తుంది: సీక్వెన్షియల్ పెట్టాల్సిందే, బ్యాచ్ పద్ధతి పాత చింతకాయ పచ్చడి. కాలేజీ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇదే, ట్యూనింగ్ షాపుల్లో ఇదే, డ్రోన్ ఇంజన్ల గురించి మాట్లాడేవాళ్ల నోటా ఇదే. సీక్వెన్షియల్ అంటే ఒక్కో రోటర్ ఇంటేక్ వంతు ఏ కోణంలో వస్తుందో చూసుకుని దాని ఇంజెక్టర్‌ను విడిగా తెరవడం. బ్యాచ్ అంటే ఏ రోటర్ ఏ స్థితిలో ఉన్నా ఇంజెక్టర్లన్నిటినీ ఒకేసారి తెరవడం. మొదటిది చూడ్డానికి శ్రద్ధగా ఉంటుంది, రెండోది మోటుగా ఉంటుంది. చిక్కంతా ఆ చూడ్డంలోనే ఉంది. పోర్టులోకి, అంటే గాలి లోపలికి వెళ్లే దారిలోకి, ఇంధనం చల్లే రోటరీ ఇంజన్‌లో ఏ క్షణాన చల్లామన్నది చాలా సందర్భాల్లో చిన్న విషయం. ఎక్కడి నుంచి చల్లాం, ఏ గోడ మీద పడింది, ఎంత గాలికి లెక్కగట్టాం అన్నవి పెద్ద విషయాలు. చిన్నదాన్ని నెత్తిన పెట్టుకుని పెద్దవాటిని గాలికొదిలే ఈ అలవాటు మనకు పిస్టన్ ఇంజన్ నుంచి సంక్రమించింది. గోడలు ఎలా లేస్తున్నాయో చూడకుండా గృహప్రవేశానికి పంచాంగం తిరగేసినట్టుంది వ్యవహారం.

ఈ అభిప్రాయం ఊరికే పుట్టలేదు. దాని పుట్టుక తెలిస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. 2000 ప్రాంతంలో మన రోడ్ల మీదికి వచ్చిన కార్ల వెనక ఎంపీఎఫ్ఐ అని మెరిసిన అక్షరాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కార్బురేటర్ పోయి సిలిండర్‌కో ఇంజెక్టర్ వచ్చింది. ఆ ఇంజెక్టర్లు వంతులవారీగా పనిచేయడం మొదలైంది. మైలేజీ పెరిగింది, పొగ తగ్గింది, చలిపొద్దున స్టార్టింగ్ తంటా తీరింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార నిబంధనలు రావడంతో వంద సీసీ బైకులు కూడా చాలావరకు ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బైకులే అయ్యాయి. పార్వతీపురంలో కొన్నా కోరాపుట్‌లో కొన్నా కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటర్ ఉండదు. దీంతో మనసులో ఒక నిచ్చెన తయారైంది: కింద కార్బురేటర్, దాని పైన బ్యాచ్, అన్నిటికన్నా పైన సీక్వెన్షియల్. నాలుగు స్ట్రోకుల పిస్టన్ ఇంజన్ విషయంలో ఈ నిచ్చెన నిజమే. అయితే ఏ కారణాల వల్ల అక్కడ నిజమైందో ఆ కారణాలు రోటరీలో ఉన్నాయా లేవా అని అడిగినవాళ్లు తక్కువ.

ఆ కారణాలనే చూద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక సిలిండర్ తన పని ముగించడానికి క్రాంక్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరగాలి. అందులో ఇంటేక్ వాల్వ్ తెరిచి ఉండేది సుమారు 240 డిగ్రీలు. మిగతా 480 డిగ్రీల పాటు అది మూసే ఉంటుంది. 1000 ఆర్‌పీఎం వద్ద 720 డిగ్రీలంటే 120 మిల్లీసెకన్లు, అందులో 80 మిల్లీసెకన్లు వాల్వ్ మూతే. వాల్వ్ వీపు వేడిగా ఉంటుంది. దాని మీద ఇంధనం పడితే ఆవిరవుతుంది. అందుకే తయారీదారులు చాలాచోట్ల వాల్వ్ ఇంకా మూసి ఉండగానే చల్లేలా కోణం ఎంచుకుంటారు. అంటే పిస్టన్ ఇంజన్‌లో టైమింగ్‌కు విలువ రావడానికి మొదటి కారణం తలుపు ఎక్కువసేపు మూసి ఉండటం, రెండో కారణం ఆ తలుపు వేడిగా ఉండటం. మూడో కారణం ఎవరి కంటా పడదు. బ్యాచ్ పద్ధతిలో ఇంజెక్టర్ సాధారణంగా క్రాంక్ చుట్టుకు ఒకసారి తెరుచుకుంటుంది, అంటే ఒక్క ఇంటేక్‌కు కావలసిన ఇంధనాన్ని రెండు ముక్కలుగా పోస్తుంది. ఇంజెక్టర్ సూది లేవడానికే దాదాపు ఒక మిల్లీసెకను పోతుంది, బ్యాటరీ వోల్టేజీ పడిపోతే ఇంకా ఎక్కువ. ఐడిల్‌లో అసలు పల్సే రెండు మూడు మిల్లీసెకన్లు. దాన్ని రెండు ముక్కలు చేస్తే వృథా రెండుసార్లు, పొరపాటూ రెండుసార్లు. సీక్వెన్షియల్‌కు మారగానే రెండు పొట్టి పల్సుల బదులు ఒక పొడుగు పల్స్ వచ్చింది, ఐడిల్ నున్నబడింది. పేరు మాత్రం టైమింగ్‌కు దక్కింది. ఆ మేలులో మంచి వాటా పల్స్ పొడవుది.

ఇక రోటరీకి వద్దాం. మూడు ముఖాల రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు ఎక్సెంట్రిక్ షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. ఒక్కో ముఖం తన నాలుగు దశలు పూర్తి చేయడానికి షాఫ్ట్ లెక్కలో 1080 డిగ్రీలు తీసుకుంటుంది, దశకు 270 చొప్పున. ముఖాలు మూడు కాబట్టి షాఫ్ట్ ప్రతి చుట్టుకూ ఆ రోటర్‌లో ఒక కొత్త ఇంటేక్ మొదలవుతుంది, ఒకసారి మంట అంటుకుంటుంది. దీని వల్ల తేలేవి రెండు. మొదటిది: ఇప్పుడు నడుస్తున్నది కంప్రెషన్ చుట్టా, ఎగ్జాస్ట్ చుట్టా అని ఇంధనం లెక్కగట్టే కంప్యూటర్‌కు (ఈసీయూకు) చెప్పడానికి పిస్టన్ ఇంజన్‌లో క్యామ్ సెన్సర్ కావాలి. రోటరీకి ఆ ప్రశ్నే లేదు, షాఫ్ట్ కోణం ఒక్కటి తెలిస్తే చాలు. రెండోది ఇంకా ముఖ్యం. రోటరీలో చుట్టుకు ఒకసారి చల్లే బ్యాచ్ పద్ధతి కూడా ఇంటేక్‌కు ఒకే పల్స్ ఇస్తుంది, సీక్వెన్షియల్ కూడా ఒకే పల్స్ ఇస్తుంది. పొడవు అదే, ఇంజెక్టర్ తెరుచుకోవడంలో పోయే సమయమూ అదే. పిస్టన్ ఇంజన్‌లో ఐడిల్‌ను నున్నబరిచిన ఆ పెద్ద లాభం ఇక్కడ ముందే చేతిలో ఉంది. దాన్ని మళ్లీ సీక్వెన్షియల్ ఖాతాలో జమ చేయడం తప్పుడు లెక్క.

మూసిన తలుపు సంగతి కూడా చూడాలి. మాజ్డా 13బీ ఇంజన్‌లో పక్క గోడలో ఉండే మామూలు సైడ్ పోర్టు, తయారైన సంవత్సరాన్ని బట్టి కాస్త అటూ ఇటూగా, టీడీసీ (గది అతి చిన్నగా ఉండే స్థానం) దాటిన 30 నుంచి 45 డిగ్రీల మధ్య తెరుచుకుని బీడీసీ (గది అతి పెద్దగా ఉండే స్థానం) దాటిన 40 నుంచి 50 డిగ్రీల మధ్య మూసుకుంటుంది. టీడీసీ నుంచి బీడీసీకి ఇక్కడ 270 డిగ్రీలు కాబట్టి పోర్టు సుమారు 275 డిగ్రీల పాటు తెరిచి ఉంటుంది. 360లో 275! మూసి ఉండేది 85 డిగ్రీలు. 1000 ఆర్‌పీఎం వద్ద అది 14 మిల్లీసెకన్లు. పిస్టన్ ఇంజన్‌లో 80 మిల్లీసెకన్లు ఎదురుచూసే ఇంధనం ఇక్కడ మహా అయితే 14 మిల్లీసెకన్లు ఎదురుచూస్తుంది. 6000 ఆర్‌పీఎం వద్ద రెండున్నర మిల్లీసెకన్లు కూడా ఉండదు. రెండు రోటర్ల ఇంజన్‌లో బ్యాచ్ పెడితే ఒక రోటర్‌కు కోణం కుదిరినా రెండోదానికి 180 డిగ్రీలు తప్పుతుందని వాదించేవాళ్లు ఈ 14 మిల్లీసెకన్లను పక్కన పెట్టుకుని చూడాలి. తప్పిన రోటర్ ఇంధనం ఎక్కడికీ పోదు. పోర్టు గొంతులో క్షణం ఆగి, వెనకాలే వచ్చే ముఖంలోకి వెళ్తుంది. పోనీ ఆగిన ఆ క్షణంలో వేడి వాల్వ్ వీపు తగిలి ఆవిరవుతుందా అంటే, రోటరీలో వాల్వే లేదు. ఇంటేక్ ఎప్పుడూ హౌసింగ్‌లో ఒకే వైపు, చల్లటి వైపు జరుగుతుంది. ఇంధనం పడేది ఇనుప గోడ మీద, ఆ గోడ మహా అయితే కూలెంట్ నీళ్లంత వేడిగా ఉంటుంది. పిస్టన్ ఇంజన్‌లో టైమింగ్‌కు బలమిచ్చిన మూడు కారణాల్లో రెండు ఇక్కడ అసలు లేవు, ఒకటి ఆరో వంతుకు కుదించుకుపోయింది.

వేగం పెరిగేకొద్దీ ఆ మిగిలిన కొంచెం కూడా కరిగిపోతుంది. డ్రోన్ ఇంజన్ల లోకంలో బాగా తెలిసిన రోటరీ ఒకటి తీసుకుందాం: అమెరికన్ షాడో డ్రోన్‌లో వాడిన యూఏవీ ఇంజన్స్ కంపెనీ ఏఆర్-741. ఒకే రోటర్, 208 సీసీ, 7800 ఆర్‌పీఎం వద్ద 38 హార్స్‌పవర్. ఆ వేగంలో షాఫ్ట్ ఒక చుట్టుకు తీసుకునేది 7.7 మిల్లీసెకన్లు. ఆ ఒక్క చుట్టులో అది మింగే పెట్రోలు 20 నుంచి 25 మిల్లీగ్రాముల దరిదాపు. ఇంజెక్టర్‌ను 80 శాతం డ్యూటీకి, అంటే చుట్టులో 80 శాతం సమయం తెరిచి ఉండేలా, ఎంచుకున్నాం అనుకుంటే పల్స్ 288 డిగ్రీల పాటు సాగుతుంది. సైడ్ పోర్టు లెక్కలో చూసినా పోర్టు తెరిచి ఉండే 275 డిగ్రీల కన్నా అది ఎక్కువ. ఏ కోణంలో మొదలుపెట్టినా కొంత తలుపు మూశాక పడుతుంది, మిగతాది తెరిచి ఉండగా పడుతుంది. ఇంధనం ప్రయాణించే సమయం ఇంకా మిగిలే ఉంది. ఇంజెక్టర్ మూతి నుంచి పోర్టు అంచుకు 15 సెంటీమీటర్లు, తుంపరల వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుంటే, చేరడానికి ఏడున్నర మిల్లీసెకన్లు. 1000 ఆర్‌పీఎం వద్ద ఆ జాప్యం 45 డిగ్రీలు. 3000 వద్ద 135. 7800 వద్ద 351 డిగ్రీలు, అంటే ఈ చుట్టులో చల్లింది వచ్చే చుట్టులో అందుతుంది. 'ఇంజెక్షన్ ఇన్ని డిగ్రీల దగ్గర ముగియాలి' అని ఒకే అంకె వేసుకుని సీక్వెన్షియల్ పెట్టామని తృప్తిపడేవాళ్లు ఒక్క వేగానికి మాత్రమే గురి పెట్టినట్టు. మిగతా వేగాల్లో అది ఎటు తగులుతుందో వాళ్లకే తెలియదు.

డ్రోన్ల విషయంలో ఈ వాదం మరీ విచిత్రం. ఆ తరగతి ఇంజన్లలో ఒకే రోటర్ మామూలు. రోటర్ ఒకటే, ఇంజెక్టర్ ఒకటే, చుట్టుకు ఒకసారే తెరుచుకుంటుంది. వంతులు వేయడానికి రెండోది ఏది? అక్కడ సీక్వెన్షియల్, బ్యాచ్ అన్న తేడాకే అర్థం లేదు, ఏ కోణంలో అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది. అయినా కొటేషన్లలో, ప్రజెంటేషన్లలో 'ఫుల్లీ సీక్వెన్షియల్' అన్న ముద్ర పడుతూనే ఉంటుంది. మన దేశంలో రోటరీ అంటే ముందుగా చెప్పుకోవలసింది నిశాంత్. అహ్మద్‌నగర్‌లోని వీఆర్‌డీఈ, బెంగళూరులోని ఎన్ఏఎల్, ఏడీఈ పరిశోధన సంస్థలు కలిసి తయారుచేసిన 55 హార్స్‌పవర్ దేశీ వాంకెల్ ఇంజన్‌తో ఆ డ్రోన్ 2009 ఏప్రిల్‌లో కోలార్ దగ్గర తొలిసారి ఎగిరింది. ట్రక్కు మీది లాంచర్ నుంచి విసిరితే లేచి, పారాచూట్ మీద దిగి, నాలుగున్నర గంటలు గాలిలో ఉండగల విమానం అది. అలాంటి విమానానికి ఇంధనం ఒక శాతం ఆదా అయితే గాలిలో మూడు నిమిషాలు కూడా కలిసిరావు. కోణం సవరణతో వచ్చే లాభం ఆ ఒక శాతానికి అటూ ఇటూగా ఉంటే, దాని కోసం పడే ప్రయాసను ఏ పని మానుకుని పడుతున్నామో అడగాలి.

మానుకుంటున్న పనుల్లో మొదటిది ఇంజెక్టర్ స్థానం. దాని విలువ తెలియడానికి ఒక పోలిక చూద్దాం. కోరాపుట్ జిల్లా సునాబేడాలో హెచ్ఏఎల్ ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది. మిగ్-21 ఇంజన్ల కోసం 1964లో మొదలై ఆర్-11, ఆర్-25 మీదుగా మిగ్-29 ఆర్‌డీ-33, సుఖోయ్ ఏఎల్-31ఎఫ్‌పీ దాకా వచ్చింది. అక్కడ తయారయ్యే ఇంజన్లలో ఇంధనానికి టైమింగ్ అన్నదే లేదు. కంబస్టర్‌లోకి అది ఆగకుండా పడుతూనే ఉంటుంది. మంట ఆరకుండా, టర్బైన్ బ్లేడు కాలకుండా కాపాడేది బర్నర్ మూతి ఏ కోణంలో, ఎంత సన్నటి తుంపరతో, ఏ గాలి సుడిలోకి చల్లుతుందన్నదే. రోటరీ ఇంజన్ జెట్ కాదు, దాని దహనం ఆగి ఆగి జరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ నిండు లోడు మీద పోర్టు ఇంజెక్షన్ రోటరీ ఇంజెక్టర్ ప్రవర్తన జెట్‌కే దగ్గర: 80 శాతం సమయం తెరిచే ఉంటుంది. ఆ స్థితిలో దానికి స్థలమే ముఖ్యం. మాజ్డా ఇంజనీర్ల చేతిపనిలో ఇది కళ్లకు కనబడుతుంది. ఆర్ఎక్స్-7లో ప్రైమరీ ఇంజెక్టర్లను రోటర్‌కు దగ్గరగా, సెకండరీ ఇంజెక్టర్లను పైన మానిఫోల్డ్‌లో పెట్టారు. మెల్లగా నడిచేటప్పుడు దగ్గరివి మాత్రమే చల్లుతాయి, గోడలు తక్కువ తడుస్తాయి, థ్రాటిల్‌కు స్పందన చురుగ్గా ఉంటుంది. లోడు పెరిగాక పైవి జత కలుస్తాయి, ఎక్కువ దూరం గాలితో ప్రయాణిస్తూ ఆవిరవుతాయి, గాలిని చల్లబరుస్తాయి. రోటరీకి నిజంగా కావలసిన ఇంజెక్షన్ పద్ధతి ఈ దశల విభజన. 1991లో లె మాన్స్ రేసు గెలిచిన 787బీ కారులో నాలుగు రోటర్ల ఇంజన్ గురించి ఈనాటికీ చెప్పుకునేవి పరిగెత్తుతుండగానే పొడవు మారే ఇంటేక్ గొట్టాలు, రోటర్‌కు మూడేసి స్పార్క్ ప్లగ్గులు. గాలి స్తంభం మీద, మంట చోటు మీద పెట్టిన శ్రద్ధ అది.

ప్రైమరీ నుంచి సెకండరీకి మారే ఘట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి, రోటరీలు అక్కడే పాడవుతాయి. సెకండరీ ఇంజెక్టర్ మొదటిసారి తెరుచుకున్నప్పుడు అది చల్లిన ఇంధనంలో కొంత మానిఫోల్డ్ గోడను తడపడానికే పోతుంది. అప్పటిదాకా పొడిగా ఉన్న గోడ అది. అదే క్షణంలో ఈసీయూ ప్రైమరీ పల్సును తగ్గిస్తుంది, లెక్క ప్రకారం మొత్తం సమానమే కదా అని. కాగితం మీద సమానమే. రోటర్‌కు చేరేది మాత్రం కొన్ని చుట్ల పాటు తక్కువ. మిశ్రమం పలచబడుతుంది, టర్బో బూస్టు మీద ఉన్న ఇంజన్‌లో డెటోనేషన్ వస్తుంది, రోటర్ మూలన ఉండే అపెక్స్ సీల్ చిట్లుతుంది. దాని ముక్క హౌసింగ్‌ను గీరుకుంటూ ఎగ్జాస్ట్ దారి పడుతుంది, దారిలో టర్బైన్ చక్రం ఉంటే దాన్ని కూడా తింటుంది. దీనికి మందు గోడ తడిని లెక్కలోకి తీసుకునే సవరణ, సెకండరీలను కాస్త ముందే మేల్కొల్పడం, మారే చోట మిశ్రమాన్ని కొంచెం చిక్కగా ఉంచడం. ఇంజెక్షన్ కోణాన్ని ఎటు తిప్పినా ఈ జబ్బు తగ్గదు. అయినా ఇంజన్ పోయాక కోణం పట్టికను తప్పుపట్టి, దాన్నే మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ కూర్చోవడం ఈ సీక్వెన్షియల్ భక్తి తెచ్చిపెట్టిన నష్టం.

రెండో నిర్లక్ష్యం గాలి సాంద్రత. పార్వతీపురం, కోరాపుట్ కొండ ప్రాంతం వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. నారాయణపట్న దగ్గర జంఝావతి లోయ నుంచి ఒక రోటరీ డ్రోన్ లేచి ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవ్‌మాలి మీదుగా, 1672 మీటర్ల ఎత్తున, వెళ్లాలనుకుందాం. ప్రామాణిక వాతావరణం లెక్కలో సముద్ర మట్టంతో పోలిస్తే సునాబేడా ఎత్తులో, అంటే సుమారు 900 మీటర్ల వద్ద, గాలి సాంద్రత 8 శాతం తక్కువ, దేవ్‌మాలి ఎత్తుకు 15 శాతం తక్కువ. తీరాన 40 డిగ్రీలు ఉండే మే నెల మధ్యాహ్నపు వేడి దీనికి తోడైతే ఇంకో 8 శాతం పోతుంది. ఇప్పుడు ఇంజన్ ఇంధనాన్ని ఎలా లెక్కగడుతోంది? చిన్న డ్రోన్ రోటరీలలో, రోటర్ చుట్టూ ఉండే హౌసింగ్ గోడలో తెరుచుకునే పెరిఫెరల్ పోర్టే ఎక్కువ. ఆ పోర్టు వెనక మానిఫోల్డ్ పీడనం తక్కువ వేగాల్లో ఎగిరెగిరి పడుతుంది, సెన్సర్ అంకెను నమ్మలేం. అందుకని చాలామంది థ్రాటిల్ కోణం, ఆర్‌పీఎం రెండే చూసి ఇంధనం తీసే పద్ధతికి పోతారు. అలాంటి ఈసీయూకు బయటి గాలి పీడనం చెప్పే సెన్సర్ లేకపోతే అది లోయలో ఎంత పోసేదో కొండ మీదా అంతే పోస్తుంది. సముద్ర మట్టం దగ్గర 12.5 గాలి-ఇంధన నిష్పత్తికి సరిచేసిన ఇంజన్ దేవ్‌మాలి మీద 10.6కు చేరి పొగ కక్కుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. తిరగేసి చూస్తే ఇంకా ప్రమాదం: సునాబేడా ఎత్తులో 12.5కు దిద్దిన ఇంజన్‌ను విశాఖ తీరంలో ఎగరేస్తే నిష్పత్తి 13.6కు పోతుంది. నిండు థ్రాటిల్ మీద రోటరీ ఎగ్జాస్ట్ ఎంత కాలుతుందో తెలిసినవాళ్లెవరూ ఆ అంకె చూసి నిద్రపోరు. నిశాంత్ దేశీ ఇంజన్‌తో తొలిసారి ఎగిరిన కోలార్ కూడా 800 మీటర్ల పైమాటే కాబట్టి ఇది ఏవో మారుమూల కొండలకే పరిమితమైన సమస్య కాదు. ఇంజెక్షన్ కోణం తప్పితే ఒకటి రెండు శాతం గురించి మాట్లాడుకుంటాం. పీడన సవరణ తప్పితే 15 శాతం గురించి మాట్లాడుకోవాలి. అయినా కొనేవాళ్లు మొదటిదాన్నే అడుగుతారు, రెండోదాన్ని అమ్మేవాళ్లూ ఎత్తరు.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ: మాజ్డాయే తన కార్లలో రోటర్ల వారీగా ఇంజెక్టర్లను నడిపింది, నీకు అంతకన్నా ఎక్కువ తెలుసా? మాజ్డాకు తెలిసింది నిజమే. అయితే మాజ్డా ఎదుట ఉన్న ప్రశ్న వేరు. రోటరీ దహన గది పొడుగ్గా, పలచగా ఉంటుంది, దాని వెనక అంచుల్లో మంట చేరకముందే ఆరిపోతుంది, కాలని హైడ్రోకార్బన్లు మిగిలిపోతాయి. 1970లలో ఆ కంపెనీ ఎగ్జాస్ట్‌లోనే వాటిని తగలబెట్టే థర్మల్ రియాక్టర్ పెట్టుకోవాల్సి వచ్చింది. చల్లటి ఇంజన్, ఐడిల్, పట్టణంలో ఆగి ఆగి నడక: ఉద్గారాల పరీక్ష జరిగేది అక్కడే. ఆ స్థితిలో 800 ఆర్‌పీఎం వద్ద ఒక చుట్టు 75 మిల్లీసెకన్లు, మూడు మిల్లీసెకన్ల పల్స్ అంటే 14 డిగ్రీలు. 275 డిగ్రీల కిటికీలో 14 డిగ్రీల ముక్క ఏ మూల పడుతుందన్నదాన్ని బట్టి ఇంధనం గదిలో ముందు అంచుకు చేరుతుందా వెనక అంచుకు చేరుతుందా అన్నది కొంత మారుతుంది. అక్కడ టైమింగ్‌కు విలువ ఉంది, నేను కాదనను. లక్షల కార్లకు ధ్రువపత్రం తెచ్చుకోవలసిన కంపెనీకి ప్రతి మిల్లీగ్రామూ లెక్కే. కొండ మీద గంటల తరబడి సగం లోడు మీద తిరిగే ఇంజన్‌కు, రేసు కారుకు ఆ లెక్కను యథాతథంగా తగిలించడం మాజ్డాను అనుసరించడం అనిపించుకోదు.

రెండో ఆక్షేపణ: ఈసీయూలో ఆ సదుపాయం ఎలాగూ ఉంది, క్యామ్ సెన్సర్ కూడా అక్కరలేదని నువ్వే అన్నావు, ఉచితంగా వచ్చేదాన్ని వద్దనడం దేనికి? వద్దనడం లేదు. వైరింగ్‌లో ఇంజెక్టర్లను విడివిడిగా కలపండి, సంతోషం. నా ఖండన ఆ తీగల మీద కాదు, వాటిని కలిపితే పని ముగిసిందన్న నమ్మకం మీద. పట్టికలో ఎవరో ఇచ్చిన అంకె వేసి వదిలేసిన సీక్వెన్షియల్ కొన్ని వేగాల్లో బ్యాచ్ కన్నా అధ్వాన్నంగా ఉండగలదు. ఒక రోటర్‌కైనా కోణం కుదిరే అవకాశం బ్యాచ్‌లో ఉంది, తప్పు కోణంతో నడిచే సీక్వెన్షియల్‌లో రెండు రోటర్లకూ కలిసి తప్పుతుంది.

మూడోది బరువైన ఆక్షేపణ. పెరిఫెరల్ పోర్టులో ఇంటేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే గదికి కాసేపు కలిసి తెరిచి ఉంటాయి, ఆ వేళ చల్లిన ఇంధనం నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోదా? పోతుంది, ముఖ్యంగా తక్కువ వేగాల్లో, తక్కువ థ్రాటిల్ మీద. పైగా ఆ పోర్టు పూర్తిగా మూసుకోవడమంటూ ఉండదు. అపెక్స్ సీల్ దాన్ని దాటుతున్నప్పుడు వెళ్లిపోయే గది, వచ్చే గది రెండూ దానికి ఒకేసారి అందుబాటులో ఉంటాయి. సైడ్ పోర్టు విషయంలో నేను చెప్పిన 275, 85 లెక్క ఇక్కడ చెల్లదు. ఆర్ఎక్స్-8తో 2003లో వచ్చిన రెనెసిస్‌లో ఎగ్జాస్ట్‌ను కూడా పక్కకు మార్చి ఆ కలగలుపునే తీసేశారు కాబట్టి అక్కడ ఈ ప్రశ్న పుట్టదు. పెరిఫెరల్‌లో పుడుతుంది. అందుకే అక్కడ కోణాన్ని నమ్మకంతో కాకుండా కొలతతో తేల్చుకోవాలి. ఆ కొలత కష్టమేమీ కాదు. ఇంజన్‌ను డైనమోమీటర్ మీద 2000 ఆర్‌పీఎం దగ్గర, డ్రోన్ నిజంగా గాలిలో తిరిగే లోడు దగ్గర నిలబెట్టాలి. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను కొలిచే లాంబ్డా సెన్సర్‌ను చూసి తనంతట తాను ఇంధనం సవరించుకునే సదుపాయాన్ని ఆపేయాలి, లేకపోతే అది తేడాను కప్పేస్తుంది. పల్స్ పొడవును కదల్చకుండా ఇంజెక్షన్ ముగిసే కోణాన్ని మాత్రం 30 డిగ్రీల చొప్పున జరుపుతూ పూర్తి చుట్టు, 12 చోట్ల ఆగాలి. ప్రతిచోటా గోడ తడి కుదురుకునేదాకా వేచి టార్క్, లాంబ్డా, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత మూడూ రాసుకోవాలి. అదే వరస 4000 వద్ద, 6000 వద్ద, పూర్తి వేగం వద్ద. గ్రాఫు గీస్తే ఎక్కడ గుంటలు పడ్డాయో అక్కడ టైమింగ్ పనిచేస్తోందన్నమాట, అక్కడ మంచి కోణం వేసుకోవాలి. గీత బల్లపరుపుగా వచ్చిన చోట ఆ పట్టిక జోలికి పోకుండా ఇంకో పని చూసుకోవాలి. లాంబ్డాకు సంబంధించి ఒక జాగ్రత్త: కాలకుండా తప్పించుకున్న ఇంధనంతో పాటు కలవని గాలి కూడా ఎగ్జాస్ట్‌లో చేరుతుంది, సెన్సర్ అంకె మోసం చేయవచ్చు. టార్క్ మాట వేరు. అది అబద్ధం చెప్పదు. సీక్వెన్షియల్ గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు తమ ఇంజన్ మీద గీసిన ఈ గ్రాఫును ముందు బల్ల మీద పెట్టాలి. గుంట లోతుగా ఉంటే ఆ ఇంజన్‌కు, ఆ వేగానికి వాళ్ల మాటే చెల్లుతుంది.

చివరి ఆక్షేపణకు నా దగ్గర ఎదురు వాదం లేదు, ఎందుకంటే అది నా వాదాన్నే ఇంకో అడుగు ముందుకు తీసుకుపోతుంది. ఇంధనాన్ని నేరుగా గదిలోకే చల్లితే టైమింగే సర్వస్వం కదా అంటారు. అవును, సర్వస్వమే. 2023లో మాజ్డా ఎంఎక్స్-30లో కరెంటు తయారీకి పెట్టిన 830 సీసీ ఒంటి రోటర్ ఇంజన్‌లో ఇంజెక్టర్ నేరుగా గదిలోకే చల్లుతుంది. 2006లో లీజుకిచ్చిన హైడ్రోజన్ ఆర్ఎక్స్-8లోనూ హైడ్రోజన్‌ను ఇంటేక్ గదిలోకి విడిగా వదిలారు. మంట ఒక మూల, ఇంటేక్ ఇంకో మూల ఉండే రోటరీ నిర్మాణం వల్లనే అది వెనక్కి అంటుకోకుండా నడిచింది. కర్టిస్-రైట్ కంపెనీలో మొదలై 1984లో జాన్ డీర్ చేతికి వచ్చి, నాసా తోడ్పాటుతో సాగిన స్ట్రాటిఫైడ్ ఛార్జ్ రోటరీలో అయితే ఇంధనం టీడీసీ దగ్గర, స్పార్క్ పక్కనే, మంట అంటుకునే వేళకు పడుతుంది. కిరోసిన్ జాతి ఇంధనాన్ని కూడా అది కాల్చగలగడం అందుకే. చాలా సైన్యాలు ట్రక్కుకూ డ్రోన్‌కూ ఒకే ఇంధనం కావాలంటున్నాయి, పెట్రోలు డబ్బాలు కొండలెక్కించడం ఎవరికీ ఇష్టం లేదు. ఆ కోరిక న్యాయమైనదే. కానీ చల్లటి ఇనుప గోడ మీద పడ్డ కిరోసిన్ పెట్రోలులా లేవదు. ఏ కోణంలో పోసినా అది గోడ పట్టుకునే ఉంటుంది, ఆయిల్‌లో కలుస్తుంది, ప్లగ్గును తడుపుతుంది. అలాంటి ఇంజన్ కోరుకునేవాళ్లు పోర్టు ఇంజెక్షన్‌కు సీక్వెన్షియల్ అని పేరు తగిలించి సరిపెట్టుకోలేరు. అధిక పీడనపు పంపు కొనాలి, హౌసింగ్‌కు రంధ్రం వేయాలి, ఆ రంధ్రం ఎక్కడ వేయాలో ముందు తేల్చుకోవాలి.